కిడ్నీ మార్పిడి తర్వాత మంచం దిగే ముందు

"సార్, కదిలితే లోపల కుట్లు ఊడిపోతాయేమో. రెండు రోజులు అట్లే పడుకోనీండి."

తిరుపతిలో కిడ్నీ మార్పిడి అయినవాళ్ళకు ఫిజియోథెరపీ చేయించడానికి మంచం దగ్గరికి వెళ్ళినప్పుడల్లా దాదాపు ఇదే మాట వింటాను. అనేది తల్లో, భార్యో, తమ్ముడో అయి ఉంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. ఏళ్ళ తరబడి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు తిరిగి తిరిగి, చివరికి ఇంట్లో మనిషే కిడ్నీ ఇస్తే దాన్ని కంటికి రెప్పలా చూసుకోవాలనే అనిపిస్తుంది. కానీ మనిషి పడుకునే ఉంటే ఊపిరితిత్తుల అడుగున కఫం పేరుకుంటుంది, కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. పైగా కొత్త కిడ్నీని ఒళ్ళు తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు మొదలై ఉంటాయి. అలాంటి మనిషికి న్యుమోనియా వస్తే ఎంత కష్టమో నేను చూశాను.

ఆపరేషన్ తేదీ ఖాయమైన కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. నొప్పిలో, మందుల మత్తులో ఉన్నప్పుడు కొత్తగా ఏదీ తలకెక్కదు. ముందే తెలిసి ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది. ఇందులో ఏ మాటైనా మీ డాక్టరు చెప్పినదానికి తేడాగా ఉంటే డాక్టరు మాటే వినండి. లోపల ఏం చేశారో తెలిసింది వాళ్ళకే.

కొత్త కిడ్నీ ఎక్కడుంటుంది

అడిగితే చాలామంది నడుము వెనక చెయ్యి పెట్టి చూపిస్తారు. పాత కిడ్నీలను మామూలుగా అక్కడే వదిలేస్తారు. కొత్తదాన్ని పొత్తికడుపులో, ఎక్కువగా కుడివైపు, తుంటి ఎముక పక్కన పెడతారు. దాని రక్తనాళాలను కాలికి వెళ్ళే పెద్ద నాళాలకు కలుపుతారు, మూత్రనాళాన్ని మూత్రాశయానికి కుడతారు. వెనకున్న కిడ్నీకి పక్కటెముకల అండ ఉంటుంది, ముందున్న దీనికి ఆ అండ లేదు. తొడను పొట్టకు ఆనేలా ముడిస్తే కోత పెట్టిన చోటే నలుగుతుంది. మొదటి వారాల్లో గొంతుకూర్చోవద్దని, నేల మీద బాసింపట్టు వేసుకోవద్దని, వంగి చెప్పులు తొడుక్కోవద్దని మేం పదేపదే అనేది అందుకే.

ఆపరేషన్‌కు ముందే నేర్చుకోవాల్సినవి

మొదటిది మూడు బంతుల స్పైరోమీటర్, అంటే ఊపిరితిత్తులకు వ్యాయామం చేయించే చిన్న ప్లాస్టిక్ పరికరం. దీన్ని చేతికివ్వగానే నూటికి తొంభై మంది బూర ఊదినట్టు ఊదుతారు. ఊదకూడదు, పీల్చాలి. గొట్టాన్ని పెదాలతో గట్టిగా మూసి, నిదానంగా గాలి లోపలికి లాగి, బంతులను రెండు మూడు సెకన్లు పైన నిలబెట్టి వదలాలి. మెలకువగా ఉన్నప్పుడు గంటకు పదిసార్లు చాలు. అదీ ఒకే బిగిన వద్దు, కళ్ళు తిరుగుతాయి. ఐదు చేసి కాసేపు ఆగి మిగతా ఐదు చేయండి.

రెండోది కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. డయాలసిస్ మీద ఏళ్ళు గడిపినవాళ్ళకు తొడల్లో కండ కరిగిపోయి ఉంటుంది. ఆపరేషన్ తర్వాత వాడే స్టెరాయిడ్లు కూడా మొదట దెబ్బతీసేది తొడలు, తుంటి కండరాలనే. ముందు నుంచే రోజూ కొన్నిసార్లు లేచి కూర్చోవడం అలవాటు చేసుకున్నవాళ్ళు తర్వాత బాత్‌రూమ్‌కు సొంతంగా వెళ్ళగలుగుతారు. ఇది నేను చాలామందిలో చూసిన తేడా.

మొదటిసారి లేవడం

డాక్టరు సరేనన్నాక చాలామందిని ఆపరేషన్ మరుసటి రోజే కూర్చోబెడతాం. మనం మామూలుగా లేచినట్టు తల ఎత్తి, పొట్ట బిగించి లేవకూడదు. ముందు రెండు మోకాళ్ళూ కొద్దిగా ముడవాలి. భుజం, తుంటి ఒకేసారి, దుంగ దొర్లినట్టు పక్కకు తిరగాలి. వీలైతే కొత్త కిడ్నీ లేని వైపుకు తిరగండి. కాళ్ళు మంచం అంచు దాటించి కిందికి వదులుతూ మోచేత్తో, చేత్తో మంచాన్ని నొక్కి పైకి రావాలి. ఊపిరి బిగపట్టొద్దు. లేచేటప్పుడు నోటితో గాలి వదలండి.

ఒక కుర్రాడు నాకు బాగా గుర్తు. చిత్తూరు వైపు నుంచి వచ్చాడు. తల్లి కిడ్నీ ఇచ్చి వేరే గదిలో ఉంది, పక్కన చిన్నమ్మ ఉంది. నేను చెయ్యి పట్టుకోగానే దుప్పటిని పిడికిట్లో బిగించాడు. ఆ చిన్నమ్మ సంచిలోంచి పాత టవల్ తీసి, నాలుగు మడతలు పెట్టి, కోత మీద ఆనించి వాడి అరచేతిని దాని మీద పెట్టింది. "ఇట్ల పట్టుకోని లెయ్ నాయనా" అంది. మేం నేర్పేది కూడా అదే. దిండో, మడిచిన టవలో కోతకు ఆనించి రెండు చేతులతో గట్టిగా పట్టుకుంటే దగ్గినా, తుమ్మినా నొప్పి తగ్గుతుంది. దగ్గును మింగేయకండి, కఫం బయటికి రావాలి.

కూర్చున్నాక ఐదు నిమిషాలు ఆగండి. పాదాలు పైకీ కిందికీ ఆడించండి. కళ్ళు తిరగడం లేదంటేనే నిలబడాలి. యూరిన్ బ్యాగ్ ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలి, అలాగని నేలకు తగలకూడదు. కోత లోపల చేరే ద్రవాన్ని బయటికి తీసే డ్రెయిన్ గొట్టం ఎవరో ఒకరు చేత్తో పట్టుకోవాలి. నడిచే తొందరలో గొట్టం మంచం కమ్మీకి చిక్కుకుని లాగడం నేను రెండుసార్లు చూశాను, ఆ నొప్పికి మనిషి మళ్ళీ మంచం దిగనంటాడు. మొదటి రోజు నాలుగు అడుగులు, తర్వాత గది చివరిదాకా, ఆ తర్వాత వరండాలో రోజుకు నాలుగైదుసార్లు. ఇంటికి పంపేముందు కొన్ని మెట్లు ఎక్కించి చూస్తాం. నడుస్తూ మామూలుగా మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టే. మాట తెగుతుంటే ఆగండి.

కళ్ళు తిరిగినా, ఛాతీ పట్టేసినా, కిడ్నీ ఉన్నచోట కొత్త నొప్పి మొదలైనా, డ్రెయిన్‌లో ఎర్రటి రక్తం కనిపించినా అక్కడే కూర్చోబెట్టి నర్సును పిలవండి.

వ్యాయామం వద్దన్న రోజులు

కిడ్నీ బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేసిన రోజు చెప్పినంతసేపు కదలకుండా పడుకోవాల్సిందే. జ్వరం ఉన్నప్పుడు, బీపీ బాగా ఎక్కువగానో తక్కువగానో ఉన్నప్పుడు, రక్తంలో పొటాషియం పెరిగినప్పుడు కూడా ఆపేస్తాం. బ్రెయిన్ డెడ్ అయిన దాత నుంచి వచ్చిన కిడ్నీ కొందరిలో వెంటనే పనిచేయదు, కొన్ని రోజులు డయాలసిస్ నడుస్తుంది. అంతమాత్రాన కిడ్నీ పోయిందని బెంగపడొద్దు. ఆ రోజుల్లో ఊపిరి వ్యాయామాలు, పాదాలు ఆడించడం చాలు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. కాళ్ళు లాగుతున్నాయంటే మనవాళ్ళు వెంటనే నూనె తీసి పిక్కలు పిసుకుతారు. ప్రేమతోనే చేస్తారు. కానీ ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే లోపల రక్తం గడ్డ ఉండొచ్చు. పిసికితే అది కదిలి ఊపిరితిత్తులకు చేరొచ్చు. ముందు డాక్టరుకు చూపించండి.

ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చెయ్యిని కూడా మరిచిపోవద్దు. కిడ్నీ వచ్చింది కదా అని ఆ చేతికి బీపీ కట్టనివ్వకండి, సూది గుచ్చనివ్వకండి. లేచేటప్పుడు ఆ చేతి మీద బరువంతా వేయొద్దు. పొట్ట వదులుగా ఉందని సొంతంగా బెల్టు కొని బిగించొద్దు, అది కిడ్నీని నొక్కుతుంది.

ఇంటికొచ్చాక, మన ఎండల్లో

కమోడ్ లేకపోతే ముందే ఒక కమోడ్ కుర్చీ ఏర్పాటు చేసుకోండి. భోజనం నేల మీద వద్దు, బల్ల దగ్గర చేయండి. మొదటి 6 నుంచి 8 వారాలు ఐదు కిలోలు దాటి ఎత్తొద్దు. 20 లీటర్ల వాటర్ క్యాన్, నీళ్ళ బిందె, చంటిబిడ్డ, ఏవైనా సరే. బైక్ నడపడం డాక్టరు సరేనన్న తర్వాతే.

ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. డయాలసిస్ రోజుల్లో గ్లాసులు లెక్కపెట్టుకుని తాగిన మనిషికి, ఇప్పుడు రెండు మూడు లీటర్లు తాగమంటే గొంతు దిగదు. అలవాటు తిరగబడటానికి సమయం పడుతుంది, ఇంట్లోవాళ్ళు గుర్తుచేస్తుండాలి. ఎంత తాగాలో డాక్టరు చెప్పిన లెక్కే లెక్క. నీళ్ళు తగ్గితే కొత్త కిడ్నీకి రక్తప్రసరణ తగ్గుతుంది. నడక పొద్దున ఏడుకు ముందో, సాయంత్రం పొద్దు వాలాకో పెట్టుకోండి. పంపర పనస మాత్రం పూర్తిగా మానండి, అది రక్తంలో టాక్రోలిమస్‌ను, అంటే రోగనిరోధక శక్తిని తగ్గించే మందును, పెంచేస్తుంది. రోజూ ఒకే సమయంలో బరువు చూసి రాసుకోండి. మూత్రం తగ్గినా, బరువు ఉన్నట్టుండి పెరిగినా, జ్వరం 100 డిగ్రీలు దాటినా పొద్దున చూద్దామని ఆగకండి.

ఇక మొక్కు సంగతి. "ఆపరేషన్ బాగా జరిగితే నడిచి కొండెక్కుతా" అని మొక్కుకోని కుటుంబం ఈ ఊళ్ళో తక్కువ. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టులో సుమారు 2,388. మెట్లతో పాటు జనసమ్మర్దం, క్యూలో గంటల తరబడి నిలబడటం, తలనీలాలు ఇచ్చేటప్పుడు బ్లేడు గీరుకునే అవకాశం ఉంటాయి. ఇన్ఫెక్షన్ల భయం ఎక్కువగా ఉండేది మొదటి ఆరు నెలల్లోనే. ఆ ఆరు నెలలూ ఆ మాట ఎత్తొద్దని నేను చేతులు జోడించి చెబుతాను. తర్వాత కూడా డాక్టరు అనుమతితో, ఇంటి మెట్ల నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా అలవాటు చేసుకున్నాకే. తొందరపడితే స్వామికీ ఇష్టం ఉండదని నా నమ్మకం.

కిడ్నీ ఇచ్చినవాళ్ళను అందరూ మరిచిపోతారు. మన దగ్గర ఇచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ, "నాకేం కాలేదులే" అంటూ లేచి కొడుక్కి గంజి కాచబోతారు. వాళ్ళకూ కోత ఉంది. స్పైరోమీటరూ, దిండుతో దగ్గడమూ, బరువులు ఎత్తకపోవడమూ వాళ్ళకూ వర్తిస్తాయి. ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్) అయితే ఒకటి రెండు రోజులు భుజం లాగుతుంది, అది లోపల మిగిలిన గ్యాస్ వల్ల, నడిస్తే తగ్గుతుంది. ఆ కుర్రాడి తల్లిని మూడో రోజు మెల్లగా నడిపించి, మాస్కు పెట్టి, వాడి గది తలుపు అద్దం దగ్గర నిలబెట్టాం. ఆమె చెయ్యి ఊపింది. నేను ఇంకా ఏమీ చెప్పకముందే వాడు టవల్ తీసి కోతకు ఆనించుకుని, పక్కకు తిరిగి, మంచం అంచుకు వచ్చి కూర్చున్నాడు.