కడుపులో ఒకరు, చంకలో ఒకరు: రోజూ ఎదురయ్యే చిక్కులు, పరిష్కారాలు

ఇంట్లో రెండేళ్లో మూడేళ్లో ఉన్న పిల్ల, కడుపులో ఇంకొకరు. ఈ నెలల్లో ఏ గొడవ వచ్చినా అందరూ పెట్టే పేరు ఒకటే: "పిల్ల మొండికేస్తోంది." కారణాలు మాత్రం వేరువేరుగా ఉంటాయి. సగం సార్లు తేడా వచ్చింది పిల్లలో కాదు, మన ఒంట్లో. నేను రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు మా పెద్దదానికి రెండున్నరేళ్లు. అప్పుడు తెలిసొచ్చినవి రాస్తున్నాను.

సమస్య: పొద్దుగూకేసరికి పిల్ల పేచీ, మీకు ఏడుపు

కారణం: మొదటి మూడు నెలల్లో ప్రొజెస్టిరాన్ హార్మోన్ పెరిగి పట్టపగలే నిద్ర ముంచుకొస్తుంది. దానికి వేవిళ్లు తోడు. అవి ఆరో వారం ప్రాంతంలో మొదలై, చాలామందికి 16 వారాలలోపు తగ్గుముఖం పడతాయి. మొదటి కాన్పప్పుడు కళ్లు మూతలు పడితే పడుకున్నాం, ఇప్పుడు పడుకుంటే కనురెప్ప ఎత్తి చూసే మనిషి ఒకరున్నారు. పిల్లకి కూడా రోజంతా ఆడిన అలసట సరిగ్గా ఆ వేళకే బయటపడుతుంది. ఇద్దరి బ్యాటరీ ఒకేసారి డౌన్ అవుతుంది.

పరిష్కారం: స్నానం, తిండి ఒక గంట ముందుకు జరపండి. ఈ ఒక్క మార్పుతోనే మా ఇంట్లో సగం ఏడుపులు ఆగాయి. ఇక పడుకుని ఆడే ఆటలు వెతుక్కోండి. మాకు పనికొచ్చింది డాక్టర్ ఆట. నేను పేషెంట్‌ని, కళ్లు తెరవకూడదు. అది స్పూను తెచ్చి మోచేతి మీద ఇంజక్షన్ పొడిచేది, రుమాలు తడిపి నుదుటి మీద వేసేది (నీళ్లు చెవిలోకి కారేవి, అయినా కదిలేదాన్ని కాదు). అలా ఇరవై నిమిషాలు నడుం వాల్చేదాన్ని. ఆ ఇరవై నిమిషాల్లో వంటింటి గట్టు తుడుచుకోవచ్చు కదా అనిపిస్తుంది. తుడవకండి.

నాలుగో నెల దాటినా నీరసం పోకపోతే, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే, హిమోగ్లోబిన్ చూపించుకోండి. కడుపుతో ఉన్నప్పుడు మొదటి, చివరి మూడు నెలల్లో 11 గ్రాములు, మధ్య నెలల్లో 10.5 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత కింద లెక్క. ఐరన్ మాత్ర వేసుకునే ముందూ వెనకా ఒక గంట టీ, కాఫీ వద్దు. కాల్షియం మాత్రని వేరే పూటకి మార్చుకోండి. రెండూ కలిపి మింగితే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు.

సమస్య: "ఎత్తుకో, ఎత్తుకో"

నిన్నటిదాకా నడిచిన పిల్ల ఉన్నట్టుండి చంక దిగదు. మీకేమో నడుం నొప్పి. హార్మోన్ల వల్ల కీళ్ల దగ్గర పట్టు సడలుతుంది, పొట్ట ముందుకొచ్చేకొద్దీ బరువంతా నడుం మీద పడుతుంది. మీరు ఎత్తుకోవడం తగ్గించారని పిల్లకి తెలిసిపోతుంది, అందుకే ఇంకా గట్టిగా అడుగుతుంది.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. "బొజ్జలో బుజ్జి ఉంది కదా, ఎత్తుకోకూడదమ్మా" అని నాలుగు రోజులు అదే మాట చెప్పాను. ఐదో రోజు అది వచ్చి, నా పొట్టకి నోరు ఆనించి, "బుజ్జీ, నువ్వు దిగు. నేనెక్కాలి" అంది. పుట్టని బిడ్డ మీద నింద వేసి నేనే పోటీ పెట్టానని అప్పుడు అర్థమైంది. మర్నాటి నుంచి మాట మార్చాను: "నాకు నడుం నొప్పిగా ఉంది. నేను కూర్చుంటా, నువ్వు ఎక్కు." దానికి కావలసింది ఎత్తు కాదు, ఒడి. దొరికాక రెండు నిమిషాల్లో అదే దిగిపోయేది.

ఎత్తక తప్పకపోతే వంగి లాగకండి. మోకాళ్లు మడిచి కిందికి కూర్చుని, పిల్లని ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవండి. ఎప్పుడూ ఒకే పక్క చంకన వేసుకోవద్దు. రక్తస్రావమైనా, మాయ కిందికి ఉందని స్కానింగ్‌లో తేలినా, ఎత్తడం గురించి డాక్టరు ఏం చెబితే అదే.

సమస్య: మానేసిన అలవాట్లు తిరిగొచ్చాయి

పక్క తడపడం, పాలసీసా అడగడం, ముద్దుమాటలు. పిల్ల వెనక్కి పోతోందని టెన్షన్ పడతాం. నిజానికి అది పరీక్ష పెడుతోంది: చంటిపిల్లకి దొరికేది నాకూ దొరుకుతుందా అని. తిట్టకుండా, ఏమీ అనకుండా బట్టలు మార్చండి. సీసా అడిగితే ఒకసారి ఇచ్చి చూడండి, చాలామందికి రెండో గుక్కకే మోజు తీరుతుంది. అయితే ఒంటికి పోసేటప్పుడు మంట అన్నా, మాటిమాటికీ పరుగెత్తినా, జ్వరం ఉన్నా, అది అలక కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో పరీక్ష చేయించండి.

కొన్నిసార్లు తప్పు మన టైమింగ్‌దే. టాయిలెట్ అలవాటు, కొత్త మంచం, కొత్త బడి, అన్నీ కాన్పుకి ముందు నెలలోనే పెట్టుకుంటాం. అయితే రెండు మూడు నెలలు ముందే కానివ్వండి, లేదంటే బిడ్డ పుట్టి ఇల్లు కాస్త కుదుటపడేదాకా ఆగండి.

సమస్య: పాలు తాగే పిల్ల వదిలేసి ఏడుస్తోంది

నెలలు ముదిరేకొద్దీ పాలు తగ్గుతాయి, ముర్రుపాలుగా మారుతూ రుచి తేడా వస్తుంది. కొందరు పిల్లలు తామే మానేస్తారు. అంతా సవ్యంగా ఉంటే కడుపుతో ఉండి పాలివ్వడం మామూలుగా ప్రమాదమేమీ కాదు. ముందు కాన్పు నెలలు నిండకుండా అయినా, ఇప్పుడు రక్తం కనిపించినా మాత్రం డాక్టర్ని అడగాలి. పెద్ద బిడ్డకి ఇంకా ఏడాది నిండకపోతే ఈ తగ్గుదలని తేలిగ్గా తీసుకోవద్దు, బరువు చూస్తూ ఉండండి.

సమస్య: పొట్ట మీదికి దూకుతోంది, నిద్రలో తంతోంది

ఆటలో తగిలే చిన్న దెబ్బలకి కంగారు పడక్కర్లేదు. గర్భసంచి గోడ, ఉమ్మనీరు బిడ్డని కాపాడతాయి. మధ్యలో దిండు పెట్టుకోండి, 28 వారాలు దాటాక ఎలాగూ పక్కకి తిరిగి పడుకోవడమే మంచిది. పొట్ట మీద గట్టి దెబ్బ తగిలినా, మీరు జారిపడినా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారుతున్నట్టున్నా, నొప్పులు వచ్చినా, బిడ్డ కదలికలు తగ్గినా, తెల్లారనివ్వకుండా ఆసుపత్రికి వెళ్లండి.

సమస్య: ఏ లక్షణమూ కనిపించదు

నన్నడిగితే అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదే. సైటోమెగలో వైరస్ అని ఒకటుంది, చిన్నగా సీఎంవీ అంటారు. చిన్నపిల్లల ఉమ్మిలో, మూత్రంలో ఉంటుంది. పిల్లకి ఏమీ అనిపించదు, తల్లికీ పెద్దగా తెలియదు. కడుపులో బిడ్డకి సోకితే మాత్రం కొందరికి వినికిడి లోపం, ఎదుగుదలలో లోపాలు రావచ్చు. అందుకే చంటిపిల్లల తల్లులకి ఇది ప్రత్యేకంగా తెలియాలి.

చేయాల్సింది చాలా మామూలు పని, మానుకోవడమే కష్టం. పిల్ల కొరికి వదిలేసిన ముక్క నోట్లో వేసుకోవద్దు. దాని స్పూను, గ్లాసు, బ్రష్ వేరు. డైపర్ మార్చాక, ముక్కు తుడిచాక సబ్బుతో చేతులు కడగండి. ముద్దు పెదవుల మీద కాకుండా నుదుటి మీద, నడినెత్తి మీద పెట్టండి. కంచంలో మిగిలిన ఆఖరి ముద్ద పారేయడానికి నాకు రోజూ ప్రాణం ఒప్పేది కాదు. ఎంగిలి తినడం తల్లి హక్కన్నట్టు పెరిగాం మరి.

సమస్య: "బుజ్జి ఎప్పుడొస్తుంది?" రోజుకి ఇరవై సార్లు

మరీ ముందు చెప్పేశారన్నమాట. పిల్లకి నెలల లెక్క తెలియదు. "వానలు తగ్గాక", "నీ పుట్టినరోజు అయ్యాక" లాంటి గుర్తు చెప్పండి, సరిపోతుంది.

సమస్య: అమ్మ లేకుండా ఒక్క రాత్రీ పడుకోదు

రెండో కాన్పు నొప్పులు మామూలుగా మొదటిసారి కంటే త్వరగా ముదురుతాయి. అర్ధరాత్రి బయల్దేరాల్సి వస్తే పిల్ల పక్కన ఎవరుంటారన్నది ఆ రాత్రి తేల్చుకునే విషయం కాదు. ఏడో నెల నుంచే వారానికి రెండు రాత్రులు వాళ్ల నాన్నో, కాన్పప్పుడు తోడుండే మనిషో పడుకోబెట్టాలి. మొదటి రాత్రి ఏడుస్తుంది, మీరు పక్క గదిలో గోడకి చెవి ఆనించి నిలబడతారు. వెళ్లకండి. మా ఇంట్లో నాలుగో రాత్రికి సర్దుకుంది.

ఆసుపత్రి బ్యాగుతో పాటు ఒక చీటీ కూడా రాసి పెట్టండి. ఏ దుప్పటి, ఏ పాట, ఏ పక్క పడుకుంటుంది, ఎలర్జీలు, డాక్టరు నంబరు. నా చీటీలో మొదటి లైను ఇది: "లైటు ఆపాక రెండోసారి నీళ్లు అడుగుతుంది. దాహం కాదు. అయినా ఇవ్వండి."