సండే స్కూల్ పిల్లలకు గ్లాసుడు నీళ్ల పాఠం

మా ఒంగోలు ఎండల్లో సండే స్కూల్ పిల్లలకు మత్తయి సువార్త 10:42 చెప్పేటప్పుడు నేను బోర్డు వాడను. కుండలోంచి స్టీలు గ్లాసులో నీళ్లు ముంచి, ఒక్కొక్కరినీ బుగ్గకు ఆనించుకోమంటాను. చిన్నవాళ్లలో ఒకరికి ఇచ్చినా ఫలం పోదని యేసయ్య చెప్పిన గిన్నెడు చన్నీళ్లు అంటే ఏంటో వెంటనే అర్థమైపోతుంది.

ఆ వారం పని ఒక్కటే: ఒక మనిషికి ఒక గ్లాసు నీళ్లు. రోడ్డు ఊడ్చే అక్కకో, గ్యాస్ సిలిండర్ మోసుకొచ్చే అన్నకో. వాళ్లు అడక్కముందే ఇవ్వాలి.

పెద్ద పిల్లలకైతే మన జిల్లా చరిత్రే చెప్పండి. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి మనం గొప్పగా చెప్పుకుంటాం. అంతకుముందు కరువులో, ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలిపని ఇచ్చాడు. దయచేసి ఆ భాగం వదిలేయకండి.

ఇంకో ముఖ్యమైన మాట. మొదట్లో నేను సాయం చేసినవాళ్లకు చాక్లెట్ ఇచ్చేదాన్ని. పిల్లలు పోటీపడి లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. అందుకే ఇప్పుడు "నువ్వేం చేశావు?" అని అడగను. "ఈ వారం నీకెవరు సాయం చేశారు?" అని అడుగుతాను. ఎప్పుడూ నోరు విప్పని ఒక పాప మొన్న లేచి, "బస్సులో సీటు లేకపోతే ఒకామె నా బ్యాగు ఒళ్లో పెట్టుకుందక్కా" అంది. మరుసటి వారం ఆ పాపే చిన్నపిల్లల చెప్పులన్నీ గుమ్మం దగ్గర జతలు జతలుగా సర్దిపెట్టింది.