నొప్పులతో కారెక్కాక: దారిలో వచ్చే ఇబ్బందులు, అక్కడికక్కడే చేయాల్సినవి

తొలి కాన్పుకి అమ్మాయి పుట్టింటికి వస్తుంది. చూపించుకునే ఆసుపత్రి పట్నంలో, ఇల్లు ముప్పై నలభై కిలోమీటర్ల ఇవతల. మన దగ్గర ఎన్నో ఇళ్లలో కథ ఇదే. ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ, కిటికీ ఊచలు పట్టుకుని, అమ్మ నడుము నొక్కుతుంటే ఓర్చుకున్న నొప్పులే కారులో కూర్చోగానే రెట్టింపైనట్టు అనిపిస్తాయి. చాలాసార్లు దానికి కారణం సీటూ, రోడ్డూ, కదలకుండా కూర్చోవడమూను. ఏది దేనివల్లో తెలిస్తే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

ఇందులో ఉన్నది నెలలు నిండి, డాక్టర్ మామూలు కాన్పు అవుతుందని చెప్పినవాళ్లకి. కవలలు, బీపీ, మాయ కిందికి ఉండటం, ముందు కాన్పు పెద్దాపరేషన్ కావడం లాంటివి ఉంటే నొప్పులు లెక్కపెడుతూ ఇంట్లో కూర్చోకూడదు. మొదటి నొప్పికే లేబర్ రూమ్‌కి ఫోన్ చేసి బయల్దేరాలి.

కారు వాకిట్లో ఉంది, ఎవరూ కదలరు

దీనికి కారణాలు రెండు. ఒకటి, ఇవి అసలు నొప్పులేనా అన్న అనుమానం. రెండోది వర్జ్యం.

అనుమానం సంగతి ముందు చూద్దాం. తొలి కాన్పులో అయిదు నిమిషాలకోసారి, ఒక్కోటి నిమిషం దాకా, గంటసేపు అలాగే వస్తే రమ్మని చాలామంది డాక్టర్లు చెబుతారు. ఆసుపత్రి పక్క వీధిలో ఉన్నవాళ్లకి ఆ లెక్క సరిపోతుంది. గంట ప్రయాణం ఉన్నవాళ్లు అంతదాకా ఆగితే ఎలా? నొప్పులు క్రమం తప్పకుండా వస్తూ, ఎడం తగ్గుతూ పోతుంటే బయల్దేరడమే మేలు. వెనక్కి పంపిస్తే పంపించారు, పోయేది పెట్రోలే. రెండో కాన్పయితే ఇంకా ముందే కదలాలి, అది చాలాసార్లు మొదటిదానికంటే వేగంగా అవుతుంది. ఉమ్మనీరు పోయినా, ఎర్రటి రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా, విపరీతమైన తలనొప్పితో చూపు మసకబారినా నొప్పుల లెక్కతో పనే లేదు, వెంటనే వెళ్లాలి.

వర్జ్యం, రాహుకాలం అనే పెద్దవాళ్లతో ఆ సమయంలో వాదన పెట్టుకోవద్దు. ప్రస్థానం పెట్టడం వాళ్లకి తెలిసిన పద్ధతే. తొమ్మిదో నెలలో వాళ్లు చెప్పిన మంచి ఘడియలోనే హాస్పిటల్ బ్యాగు గుమ్మం దాటించి పక్కింట్లోనో కారు డిక్కీలోనో పెట్టేయండి. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. ఇక నడిరాత్రి బయల్దేరినా అడ్డు చెప్పరు.

బయల్దేరే ముందు ఒకసారి బాత్రూమ్‌కి వెళ్లి రావాలి. మూత్రాశయం నిండి ఉంటే ప్రతి కుదుపూ అక్కడే తగులుతుంది. నొప్పులు ఊపందుకుంటాయని ఆముదం పట్టిస్తామంటే మాత్రం గట్టిగా వద్దనండి. వాంతులు, విరేచనాలతో కారులో పడే అవస్థ నొప్పుల కంటే ఘోరం.

కూర్చోలేకపోతోంది

నిటారుగా కూర్చుంటే బిడ్డ తల కిందికి ఒత్తుతుంది, తోకఎముక సీటుకి నొక్కుకుంటుంది. సరే కదా అని వెనక సీట్లో వెల్లకిలా పడుకోబెడతారు. అది ఇంకా తప్పు. గర్భసంచి బరువంతా వెన్ను ముందున్న పెద్ద రక్తనాళాల మీద పడి, తల తిరుగుతుంది, చెమటలు పడతాయి, బిడ్డకి వెళ్లే రక్తం కూడా తగ్గుతుంది.

వెనక సీట్లో ఎడమ కిటికీ పక్కన కూర్చోబెట్టండి. కుడి పిర్ర కింద మడతపెట్టిన దుప్పటి, తలుపుకీ భుజానికీ మధ్య దిండు. ఒళ్లు కొద్దిగా ఎడమకి, తలుపు వైపు తిరగాలి. తలుపు లాక్ వేశారో లేదో చూడండి. ఇలా కూర్చుంటే ఆమె వీపు పక్కన కూర్చున్నవాళ్ల చేతికి అందుతుంది, దాని అవసరం ముందుంది. సీటు బెల్టు తీసేయొద్దు. నడుము పట్టీ పొట్ట కిందుగా తుంటి ఎముకల మీద, భుజం పట్టీ రొమ్ముల మధ్యనుంచి పొట్ట పక్కగా రావాలి. సీటు మీద రబ్బరు షీటు, దాని మీద పాత కాటన్ చీర పరిస్తే కారు పాడవుతుందన్న బెంగ ఎవరికీ ఉండదు. ఆ బెంగ ఆమెకే ఎక్కువగా ఉంటుంది, అడిగి చూడండి.

నడుము విరిగిపోతోంది అంటోంది

పొట్టలో కంటే నడుములోనే నొప్పి ఎక్కువంటే బిడ్డ తల వెనకభాగం అమ్మ వెన్నువైపు తిరిగి ఉండవచ్చు. కాన్పు జరగదని అర్థం కాదు, చాలామంది బిడ్డలు నొప్పులు సాగేకొద్దీ తిరుగుతారు.

పక్కనున్నవాళ్లు అరచేతి మడమని నడుము కింద, పిర్రల చీలిక మొదలయ్యే చోటికి కాస్త పైన ఉన్న చదునైన ఎముక మీద పెట్టి, నొప్పి వచ్చినంతసేపూ ఒకేలా నొక్కి పట్టాలి. పైపైన రాస్తే చిరాకు తప్ప ప్రయోజనం ఉండదు. మోచెయ్యి మీ తొడకి ఆనిస్తే చెయ్యి లాగేయదు. 'ఇంకొంచెం కిందికి, ఇంకా గట్టిగా' అని ఆమె చెప్పినట్టు మార్చుకోండి. నొప్పి వదలగానే చెయ్యి వదిలేయండి. గుడ్డ చుట్టిన వేడినీళ్ల బ్యాగు ఉంటే మధ్య మధ్యలో అది పెట్టొచ్చు.

ప్రతి గుంతకీ ప్రాణం పోతోంది

ఇది డ్రైవర్‌కి సంబంధించిన సమస్య. నలభై కిలోమీటర్లు అరవై మీద వెళితే 40 నిమిషాలు, ఎనభై మీద వెళితే 30 నిమిషాలు. ఆ పది నిమిషాల కోసం ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఆమెని ఎగరేయడం అన్యాయం. పైగా మన ఊళ్లలో బ్రేకర్లకి తెల్లగీతలు ఉంటే అదృష్టం.

వీలైతే భర్త డ్రైవ్ చేయకూడదన్నది నా అభిప్రాయం. చేయి పట్టుకుంటే ధైర్యంగా ఉండే మనిషి అద్దంలో చూస్తూ కంగారుపడుతుంటే ఇద్దరికీ ఇబ్బందే. బావమరిదో, తెలిసిన కారు డ్రైవరో నడపాలి. బ్రేకర్ కనబడగానే 'బ్రేకర్ వస్తోంది' అని ముందే చెబితే ఆమె తలుపు పైనున్న పిడి పట్టుకుని ఒళ్లు సర్దుకుంటుంది. చెప్పకుండా తగిలే కుదుపే ఎక్కువ బాధ. నొప్పి వచ్చినప్పుడు ఒక్కసారిగా బ్రేక్ వేయొద్దు, హైవే మీద లైన్లో ఆపొద్దు, మెల్లగా పోనివ్వాలి.

దారి ముందే ఒకసారి వెళ్లి చూసుకోవాలి. రైల్వే గేటు ఉందా, వానొస్తే నీళ్లు నిలిచే అండర్‌పాస్ ఉందా, రాత్రిపూట ఆసుపత్రికి ఏ గేటు తీస్తారు? హైదరాబాద్‌లో వినాయక నిమజ్జనం రోజుల్లో డ్యూ డేట్ ఉంటే ట్రాఫిక్ మళ్లింపులు ముందురోజే చూసుకోండి. ఫాస్టాగ్‌లో డబ్బులు, ట్యాంకులో పెట్రోలు తొమ్మిదో నెల నుంచి తగ్గనివ్వొద్దు.

వాంతులు

నొప్పులు బాగా ఎక్కువైనప్పుడు వాంతులవడం మామూలే. కారులో ఏసీ వాసన, సెంటు డబ్బా వాసన తోడైతే చెప్పక్కర్లేదు. ఆ డబ్బా ముందే తీసేయండి, కిటికీ కాస్త దించండి, చిల్లుల్లేని ప్లాస్టిక్ కవర్లు చేతికందేలా పెట్టండి. నీళ్లు గుక్కలు గుక్కలుగా సరిపోతాయి.

చేతులు తిమ్మిర్లు, మూతి చుట్టూ జివ్వుమంటోంది

భయంతో గబగబా ఊపిరి తీస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి ఇలా అవుతుంది. 'గట్టిగా ఊపిరి తీసుకో' అనకండి, అదే పని ఇంకా ఎక్కువ చేస్తుంది. వదలడం మీద ధ్యాస పెట్టించాలి. వేడి పాలు ఊదినట్టు పెదాలు సున్నాలా చుట్టి నెమ్మదిగా వదలమనండి, మీరూ ఆమెతో కలిసి వదలండి.

సీట్లోనే ఉమ్మనీరు పోయింది

టైమ్ చూసి రాసుకోండి, ప్యాడ్ పెట్టండి, రంగు గమనించండి. తేటగా, లేత ఎండుగడ్డి రంగులో ఉంటే కంగారు లేదు. ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటే బిడ్డ లోపలే మలవిసర్జన చేసి ఉండొచ్చు. లేబర్ రూమ్‌కి ఫోన్ చేసి ఆ మాట చెప్పండి, వాళ్లు సిద్ధంగా ఉంటారు.

నీరు పోయాక కింద తాడులాంటిదేదో తగులుతోందని ఆమె అంటే అది బొడ్డుతాడు కావచ్చు. అరుదు, కానీ నిమిషాల మీద ఉండే ప్రమాదం. కారు పక్కకి ఆపి, మోకాళ్ల మీద వంగి తల కిందికి, పిరుదులు పైకి ఉండేలా పెట్టించి 108కి ఫోన్ చేయండి. తాడుని ముట్టుకోవద్దు, లోపలికి తోయొద్దు.

మోషన్ వస్తోంది, ఆపండి అంటోంది

అన్నిటికంటే జాగ్రత్తగా వినాల్సిన మాట ఇదే. బిడ్డ తల బాగా కిందికి దిగితే మలద్వారం మీద ఒత్తిడి పడి అచ్చం అలాగే అనిపిస్తుంది. తనకి తెలియకుండానే ముక్కుతుంటే, 'వచ్చేస్తోంది' అంటుంటే నమ్మండి. దాబా బాత్రూమ్ దగ్గర ఆపే పొరపాటు అసలు చేయొద్దు.

ఆసుపత్రి గేటు కనబడుతుంటే వెళ్లిపోండి. లేకపోతే సురక్షితమైన చోట పక్కకి ఆపి, నాలుగు లైట్లూ వెలిగించి 108 కొట్టండి. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ సర్వీసు ఉచితం. బండిలో ఉండే సిబ్బంది కాన్పు చేయడంలో శిక్షణ పొందినవాళ్లే. కిలోమీటరు రాయి, పెట్రోల్ బంకు పేరు, ఏ వైపు వెళ్తున్నారో చెప్పి, ఫోన్ స్పీకర్‌లో పెట్టండి. ఆంధ్రాలో 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ కాన్పయ్యాక ఇంటికి దింపే బండి, నొప్పుల్లో దానికి చేసి టైమ్ పోగొట్టుకోవద్దు.

అంబులెన్స్ వచ్చేలోపే తల బయటికి వస్తే లాగకండి. చేతులతో ఆసరా ఇవ్వండి చాలు. తాడు మెడకి చుట్టుకుని వదులుగా ఉంటే తల మీదుగా తప్పించండి. ఏసీ ఆపేయండి, బిడ్డ ఒళ్లు పొడిగుడ్డతో బాగా తుడిచి, అమ్మ ఛాతీ మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పెట్టి, తలతో సహా ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పండి. ఏడవకపోతే వీపు రుద్దండి. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి కొట్టడం పాతకాలపు పద్ధతి, వద్దు. బొడ్డు కోయొద్దు, మాయని లాగొద్దు. దానంతట అదే వస్తే కవర్లో పెట్టి బిడ్డ పక్కనే ఉంచండి. రక్తం ధారగా పోతుంటే ఫోన్‌లో ఉన్నవాళ్లకి వెంటనే చెప్పండి.

ఆసుపత్రి గేటు దగ్గరికి రాగానే నొప్పులు ఆగిపోయాయి

దారిలో అంత గోల చేసిన నొప్పులు క్యాజువాలిటీ మెట్లెక్కగానే మాయమవుతాయి. కొత్త చోటు, లైట్లు, ఫైల్ అడిగే సిస్టర్, వీటన్నిటికీ ఒళ్లు బెదురుతుంది. కాసేపయ్యాక చాలామందికి మళ్లీ మొదలవుతాయి. 'ఊరికే వచ్చాం' అనుకుని చెకప్ చేయించకుండా కారు వెనక్కి తిప్పకండి. చెకప్ చేసి, బిడ్డ గుండె చప్పుడు విని, ఇంకా టైమ్ ఉందని చెబితే ఆవరణలో నడిపించండి. అక్కడే ఉండాలా, దగ్గర్లో చుట్టాలింట్లో ఆగాలా అని డ్యూటీ డాక్టర్‌నే అడగండి. ఉమ్మనీరు పోయినవాళ్లు మాత్రం నొప్పులు ఉన్నా లేకపోయినా లోపలే ఉండాలి.