ఏడాదికి సరిపడా కారం: కాయ ఎంపిక నుంచి జాడీ దాకా

మే నెలలో ఎర్రగా నిగనిగలాడిన ఆవకాయ దీపావళి నాటికే మట్టిరంగుకి తిరిగితే, అందరూ మామిడికాయనో నూనెనో తప్పుపడతారు. ఎక్కువసార్లు తప్పు కారానిది. తాలు, అంటే తెల్లబారిన నాసి కాయ, కలిసిన మిర్చి కొనడం, పచ్చిదనం పోకుండానే మరకి తీసుకెళ్లడం, వేడి మీదున్న పొడిని డబ్బాలో కుక్కి మూత పెట్టడం, ఈ మూడే కారాన్ని పాడుచేస్తాయి. కాయ కొనేటప్పుడూ డాబా మీద ఎండేటప్పుడూ కారం రాత తేలిపోతుంది. మర దాన్ని పొడి చేసి ఇస్తుంది, అంతే. అందుకే ఇక్కడ మర గురించి కంటే కాయ గురించే ఎక్కువ చెప్పాల్సి వస్తోంది.

ఎప్పుడు కొనాలి

గుంటూరు మిర్చి యార్డుకి కొత్త కాయ జనవరిలో మొదలై ఫిబ్రవరి, మార్చి నెలల్లో ముమ్మరంగా వస్తుంది. ఇంటి వాడకానికి మార్చి అన్నిటికన్నా మంచి నెల. అప్పటికి రకరకాల కాయ బజారులో ఉంటుంది, ఎండలు ముదిరి ఉంటాయి, ఆవకాయ కలపడానికి ఇంకా నెలన్నర వ్యవధి ఉంటుంది. వేసవి ముదిరాక యార్డుకి సెలవులిస్తారు. ఆ తర్వాత దుకాణాల్లో దొరికేది ఎక్కువగా కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన ఏసీ కాయ. దానికి రంగు బాగానే ఉంటుంది కానీ, చల్లదనం నుంచి బయటికొచ్చాక గాలిలోని తేమ పట్టి త్వరగా మెత్తబడుతుంది, రంగు కూడా తొందరగా దిగుతుంది. ఏసీ కాయే కొనాల్సి వస్తే ఇంట్లో దాచకుండా, వెంటనే ఎండబెట్టి ఆ వారంలోనే పట్టించేయండి.

యార్డులో వ్యాపారం టిక్కీల (పెద్ద బస్తాల) లెక్కన, కమీషన్ దుకాణాల ద్వారా జరుగుతుంది. అయిదారు కిలోలు కావలసిన ఇంటివాళ్లు గుంటూరులో పట్నంబజారు, విజయవాడలో వన్‌టౌన్ దుకాణాల్లో చూసుకోవడం సులువు. ఉదయం పూట వెళ్లండి. కాయ రంగు పగటి వెలుతురులోనే తెలుస్తుంది. ట్యూబ్‌లైట్ కింద తాలు కూడా ఎర్రగానే కనిపిస్తుంది.

ఏ కాయ దేనికి

దుకాణంలో 334, 341, తేజ, బ్యాడిగి, డీడీ అని పేర్లు వినిపిస్తాయి. అన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఒకటి ఘాటు కోసం, ఒకటి రంగు కోసం, ఒకటి రెంటికీ మధ్యస్థంగా. ఈ మూడు తెలిస్తే చాలు.

మధ్యస్థమైనది సన్నం. భౌగోళిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నం ఇదే. పొడుగ్గా, తొక్క కాస్త మందంగా, ముదురు ఎరుపులో ఉంటుంది. ఘాటు స్కోవిల్ కొలతలో సుమారు 35,000 నుంచి 40,000. ఈ సన్నం తరహాలో యార్డులో ఎక్కువగా వినిపించే 334 రకం గుంటూరు పక్కనే ఉన్న లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇచ్చిందే. ఇంటి కారానికి పునాది సన్నమే కావాలి.

తేజ సన్నగా, చిన్నగా, మొన తేలి ఉంటుంది. ఘాటు సన్నానికి దాదాపు రెట్టింపు, 75,000 పైమాటే. తేజ ఒక్కటే పట్టిస్తే కూరలో అర చెంచాతోనే నోరు మండుతుంది, కానీ కూరకి ఎరుపు రాదు. రంగు కోసమని ఇంకో అర చెంచా వేస్తే ఇక తినలేం. ఆవకాయకైతే తేజ అసలు పనికిరాదు. ఆ పచ్చడిలో కారం ముద్దగా, ముక్కకి పట్టేంత పరిమాణంలో పడాలి. అంత తేజ వేస్తే అన్నంలో కలుపుకోలేం.

రంగుకి బ్యాడిగి. కర్ణాటకలోని హావేరి జిల్లా బ్యాడిగి దీని సొంతూరు. ఇప్పుడు మన దగ్గర పండే బ్యాడిగి తరహా కాయలు కూడా బజారులో దొరుకుతాయి. ముడతలు పడిన తొక్క, నల్లెరుపు, ఘాటు చాలా తక్కువ. ధర మాత్రం సాధారణంగా సన్నం కన్నా ఎక్కువ ఉంటుంది.

రోజువారీ కారానికి కలపాల్సిన పాళ్లు: సన్నం 4 కిలోలకి బ్యాడిగి 1 కిలో. బాగా ఘాటు తినే ఇల్లయితే సన్నం మూడున్నర, తేజ అర కిలో, బ్యాడిగి 1 కిలో. చిన్నపిల్లలున్న ఇంట్లో సన్నం 3, బ్యాడిగి 2. పచ్చళ్ల కారం విడిగా పట్టించుకోండి. దానికి సన్నం ఒక్కటే చాలు, ఇంకాస్త ఎరుపు కావాలంటే కిలోకి 200 గ్రాముల బ్యాడిగి.

ఎంత కావాలంటే, నలుగురున్న ఇంట్లో రోజుకి 10 గ్రాములు, అంటే సుమారు నాలుగు టీ చెంచాలు వాడితే ఏడాదికి మూడు కిలోల ఆరొందల గ్రాములు. ఆవకాయకి కిలో ముక్కలకి 200 నుంచి 250 గ్రాముల కారం పడుతుంది. అయిదు కిలోల ముక్కలు వేసే ఇంటికి కిలోంపావు దాకా కావాలి. మొత్తం అయిదు కిలోల కారం అనుకుంటే కాయ ఆరు కిలోలు కొనాలి. తొడిమలు, ఆరిపోయే తేమ, మరలో పోయే తరుగు కలిపి వందకి పన్నెండు నుంచి పదిహేను వంతులు తగ్గుతుంది.

కాయని చూడటం

బస్తా పైపైన కనిపించే కాయ చూసి బేరం ఆడకండి. చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టి, అడుగునుంచి ఒక గుప్పెడు తీయమనండి. పైన ఎండకి ఆరి గలగలమంటున్నా అడుగున మెత్తగా ఉండొచ్చు. ఆ గుప్పెడిని తెల్ల కాగితం మీద పోసి, తెల్లబారినవి, పసుపు మచ్చలున్నవి పక్కకి తీయండి. అవే తాలు. యార్డులో తాలు విడిగా, చాలా తక్కువ ధరకి అమ్ముడవుతుంది. ఎర్రకాయలో అది కలిస్తే మీరు ఎరుపు ధర ఇచ్చి తాలు కొన్నట్టే. గుప్పెడులో ఒకటీ రెండూ ఉంటే ఫరవాలేదు, అయిదారు ఉంటే ఆ బస్తా వదిలేయండి.

తర్వాత ఒక కాయని మధ్యకి విరవండి. మంచి కాయ వంగి విరుగుతుంది, లోపల గింజ లేత పసుపులో ఉంటుంది, తొక్క లోపలివైపు కూడా ఎర్రగానే ఉంటుంది. గింజ నల్లబడినా, గింజల చుట్టూ బూడిద రంగు దూది లాంటి బూజున్నా ఆ కాయ తడితో మూటకట్టిందని అర్థం. పైకి నిగనిగలాడే కాయలోనూ ఈ బూజు ఉంటుంది, అందుకే విరవకుండా కొనకూడదు. ఇలాంటి బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టే అవకాశం ఉంది. వండినా, వేయించినా అది పోదు. అలాంటి కాయని ఏరి వాడదాం అనుకోకండి.

కాయ మరీ నున్నగా మెరుస్తుంటే తెల్ల గుడ్డతో రుద్దండి. గుడ్డకి నూనె జిడ్డో రంగో అంటితే వద్దు. కాయలు పిడికిట్లో పట్టి వదిలితే విడివిడిగా రాలాలి. అతుక్కుని ముద్దగా ఉంటే బరువు కోసమో, విరగకుండా ఉండటానికో నీళ్లు చిలకరించి ఉంటారు.

ఎండబెట్టడం, తొడిమలు తీయడం

బజారు నుంచి తెచ్చిన కాయ ఎంత ఎండినట్టున్నా మరకి సిద్ధంగా ఉండదు. డాబా మీద శుభ్రమైన పాత నూలు పంచె పరిచి, కాయ ఒక్క పొరగా పరవండి. ప్లాస్టిక్ పట్టా వద్దు, కాయ కింద చెమ్మ పట్టి ఆవైపు మెత్తబడుతుంది. పొద్దున ఎనిమిది దాటాక వేసి, మధ్యాహ్నం ఒకసారి చేత్తో తిరగేసి, సాయంత్రం అయిదు లోపు తీసేయాలి. కృష్ణ పక్కన ఉన్న విజయవాడలో గాలిలో తేమ ఎక్కువ. రాత్రి డాబా మీదే వదిలేసిన కాయ పగలంతా పోగొట్టుకున్న తేమని మళ్లీ పీల్చుకుంటుంది. కిందికి తెచ్చాక వేడి చల్లారేదాకా ఆగి మూటకట్టండి.

మొదటి రోజు ఎండ తర్వాత తొడిమలు తీయడం సరైన పద్ధతి. అప్పటికి కాయ మరీ మెత్తగానూ ఉండదు, పెళుసుగానూ ఉండదు. తొడిమని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి మెలితిప్పితే టోపీతో సహా ఊడివస్తుంది. పూర్తిగా ఎండాక తీస్తే భుజం దగ్గర తొక్క చిట్లి గింజలు నేలపాలవుతాయి. ఇంకో లాభం ఉంది. తొడిమ తీసిన చోట పడే కన్నం లోంచి లోపలి తేమ బయటికి పోతుంది. ఆ కన్నంలోంచి కాయ లోపలికి ఒక చూపు వేయొచ్చు కూడా, బూజు కాయలు ఇక్కడే దొరికిపోతాయి. తొడిమలతోనే పట్టిస్తే కారానికి చెక్కపొడి రుచి, మట్టిరంగు వస్తాయి.

తొడిమలు తీసేముందు చేతులకి నువ్వులనూనో కొబ్బరినూనో పట్టించండి. మంట పుట్టించే క్యాప్సైసిన్ నూనెలో కరుగుతుంది, నీళ్లలో కరగదు. పని అయ్యాక మళ్లీ నూనె రుద్ది, తర్వాత సబ్బుతో కడిగితే మంట దిగుతుంది. ఉత్త నీళ్లతో కడిగితే మంట చెయ్యంతా పాకుతుంది. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, కళ్లజోడు ఉంటే పెట్టుకోండి.

తొడిమలు తీసిన కాయకి ఇంకొకటి లేదా రెండు రోజుల ఎండ చాలు. చెవి దగ్గర ఆడిస్తే గింజలు గలగలమనాలి, పిడికిట్లో నలిపితే పెళపెళా చిట్లాలి. అంతకుమించి వారం రోజులు ఎండలో పడేస్తే తొక్క రంగు వెలిసిపోతుంది. ఎరుపునిచ్చే పదార్థాలు ఎండ వెలుతురుకి విరిగిపోతాయి. మబ్బు పట్టి ఎండ చాలకపోతే మూకుట్లో సన్నటి సెగ మీద కొద్దికొద్దిగా వెచ్చచేయొచ్చు కానీ, రంగు మారి ఘాటైన పొగ వచ్చిందంటే కాయ మాడినట్టే, కారం చేదవుతుంది.

గింజల గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. ఘాటు ఎక్కువగా ఉండేది గింజలో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెల్లో. గింజ కారానికి బరువునిస్తుంది, రంగు తగ్గిస్తుంది. దానిలోని నూనె వల్ల కారం పాతబడేకొద్దీ ముక్కవాసన కూడా వస్తుంది. ఎండేటప్పుడు రాలిన గింజలని చాటలో చెరిగి తీసేయండి. కాయలో మిగిలినవి ఉంచేయండి. మొత్తం తీసేస్తే కారం పల్చగా, వేలికి పట్టకుండా తయారవుతుంది.

మర దగ్గర

మసాలాలు పట్టే మరకి పొద్దున్నే, మరింకా వేడెక్కకముందు వెళ్లండి. మీకన్నా ముందు పసుపో ధనియాలో పట్టి ఉంటే మొదట మీ కాయ ఓ గుప్పెడు పట్టించి, ఆ పొడి పారేయండి. ఒకేసారి సన్న జల్లెడ పెట్టించకండి. ముందు గరుకు జల్లెడతో ఒక వాయి, చల్లారాక సన్న జల్లెడతో ఇంకో వాయి. వేడి పెరిగేకొద్దీ కారం నల్లబడుతుంది, వాసన పోతుంది. దంపుడు కారానికి అంత కమ్మదనం ఉండేది రోలూ రోకలికి అంత వేడి పుట్టదు కనుకే. దంచి ఇచ్చేవాళ్లు దొరికితే పచ్చళ్ల కారం మటుకైనా దంపించుకోండి, ముక్కకి పట్టే తీరే వేరు.

పొడిని కవర్లో కట్టించుకోకుండా మూత లేని స్టీలు గిన్నెలో తెచ్చుకోండి. ఇంటికి రాగానే నీడలో పంచె మీద పల్చగా పరిచి, రెండు గంటలు పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద మూత పెడితే ఆవిరి మూతకి పట్టి నీరై కారుతుంది, మూడు నెలల్లో ఉండలు కట్టి పురుగు చేరుతుంది. చల్లారాక కిలోకి 50 గ్రాముల చొప్పున, వేయించి చల్లార్చిన రాళ్ల ఉప్పు పొడి కలపొచ్చు. అప్పుడు కూరలో ఆ మేరకు ఉప్పు తగ్గించాలి. పచ్చళ్ల కారంలో మాత్రం ఉప్పు కలపకండి, కొలతలు తప్పుతాయి.

దాచడం

నెలకి సరిపడా మూడొందల గ్రాములు వంటగదిలో చిన్న జాడీలో ఉంచి, మిగతాది అరకిలో చొప్పున గాలి చొరని డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీసిన డబ్బాని గది వేడికి వచ్చేదాకా, కనీసం మూడు నాలుగు గంటలు, మూత తీయకూడదు. చల్లటి కారానికి వేడి గాలి తగిలిన క్షణాన తడి పడుతుంది. ఫ్రిజ్ వద్దనుకుంటే పింగాణీ జాడీలో చేత్తో అదిమి నింపి, పైన గట్టి ఇంగువ ముక్క పెట్టి, గుడ్డతో వాసెన కట్టండి. పొయ్యి పక్క గూట్లో వద్దు. గాజు సీసా అయితే చీకటి అల్మరాలో ఉంచాలి.

కూర కారం

వంకాయ, దొండకాయ, బెండకాయ వేపుళ్లకి వాడే వెల్లుల్లి కూర కారాన్ని ఇందులోంచే చేసుకోవాలి, కానీ ఏడాదికి ఒకేసారి కాదు. అరకిలో కారానికి ధనియాలు 200 గ్రాములు, జీలకర్ర 50, మెంతులు 20, వెల్లుల్లి 150, ఉప్పు 100 గ్రాములు. ధనియాలు, జీలకర్ర దోరగా, మెంతులు విడిగా ఎర్రబడేదాకా నూనె లేకుండా వేయించాలి. మెంతులు ఒక్క క్షణం ఎక్కువ మాడినా మొత్తం చేదెక్కుతుంది. ఇవన్నీ చల్లారాక పొడి చేసి, ఆఖర్న వెల్లుల్లి పొట్టుతోనే కచ్చాపచ్చాగా దంచి, కారం, ఉప్పు కలపండి. వెల్లుల్లిలో తడి ఉంటుంది కనుక ఒక పూట నీడలో ఆరబెట్టి డబ్బాకెత్తి, రెండు నెలల్లో వాడేయాలి. వేపుడులో దీన్ని పొయ్యి కట్టేసే ముందు చల్లండి. కాగుతున్న నూనెలో వేస్తే కారం, వెల్లుల్లి రెండూ మాడతాయి.