టేకు తోటలో ఒత్తు ఎప్పుడు తీయాలి, ఎలా తీయాలి

2016 వేసవిలో మా తోటలో రెండోసారి ఒత్తు తీశాం, అంటే కిక్కిరిసిన చెట్లలో కొన్నిటిని కొట్టేసి మిగిలిన వాటికి చోటిచ్చాం. కొట్టిన ఒక టేకు మోడు మీద నీళ్ళు చల్లి, రంపపు పొట్టు అరచేత్తో తుడిచి చూశాను. మానులో ఏటికో వలయం పడుతుంది. నడిమి నుంచి నాలుగు వలయాలు ఒక్కొక్కటి చిటికెన వేలంత వెడల్పున ఉన్నాయి. తర్వాతి మూడూ గోటితో గీసిన గీతల్లా ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నాయి. ఎనిమిదో వలయం నుంచి మళ్ళీ వెడల్పు. అది 2004 తొలకరికి నాటిన చెట్టు. ఐదో ఏట తీయవలసిన ఒత్తు నేను ఏడో ఏట తీశాను. పచ్చగా ఉన్న చెట్టును కొట్టడానికి చేతులు రాలేదు.

మేము రెండు మీటర్లకొకటి చొప్పున, ఎకరానికి సుమారు వెయ్యి మొక్కలు నాటాం. అంత దగ్గరగా నాటడం తప్పు కాదు. లేత వయసులో పక్క కొమ్మలు తగ్గి మాను నిటారుగా సాగుతుంది. అయితే టేకుకు ఎండ బాగా కావాలి. తలలు కలిశాక కింది కొమ్మలు ఎండిపోతాయి, ఆకు తగ్గుతుంది, మాను లావెక్కడం మందగిస్తుంది. ఎత్తు మాత్రం వెలుతురు కోసం పెరుగుతూనే ఉంటుంది. గట్టు మీద నిలబడి చూసేవారికి తోట బ్రహ్మాండంగా కనిపించేది అందుకే.

కనుక తోట లోపలికి వెళ్ళి తలెత్తి చూడండి. ఆకు నిండుగా ఉండే కార్తీకంలో, మిట్టమధ్యాహ్నం వెళ్ళండి. పై కొమ్మలు ఒకదానిలో ఒకటి దూరి, నేల మీద ఎండ మచ్చలు కనిపించకపోతే ఇక ఆలస్యం చేయకండి. సాధారణంగా నాలుగు, ఐదేళ్ళకే ఆ స్థితి వస్తుంది. గుర్తులు అప్పుడే పెట్టుకుని, ఆకు రాలాక కొట్టించండి.

మొదటిసారి చదరంగం గళ్ళ లెక్కన తీయాలి. ఒక వరుసలో ఒకటి ఉంచి ఒకటి తీస్తారు. పక్క వరుసలో, ఉంచిన చెట్టుకు ఎదురుగా ఉన్నదాన్ని తీస్తారు. సగం చెట్లు పోతాయి, మిగిలిన వాటి మధ్య దూరం 2.8 మీటర్లవుతుంది. గుడ్డిగా మాత్రం గీత పాటించకండి. పోవలసిన చోట చక్కని మాను ఉండి, ఉండవలసింది వంకరదో పంగ చీలిందో అయితే వాటిని తారుమారు చేయండి. సున్నం గుర్తు ఉంచే చెట్లకు పెట్టండి. ఉంచే చెట్లను ముందే ఏరుకుంటే మనసు కూడా నిలకడగా ఉంటుంది.

పదేళ్ళు దాటాక రెండోసారి. అప్పుడు గళ్ళ లెక్క పనికిరాదు, ప్రతి చెట్టు తలనూ చూడాలి. మంచి చెట్టు తలను ఒత్తుతున్న పొరుగు చెట్టే ముందు పోవాలి. బాగా కింద ఉండిపోయిన బక్క చెట్టు ఎవరికీ అడ్డు కాదు, దాన్ని తీసినా మంచి చెట్టుకు ఒరిగేది తక్కువ. అంతా అయ్యేసరికి ఎకరానికి 250 దగ్గర మిగిలితే దూరం సగటున నాలుగు మీటర్లవుతుంది.

ఇక్కడే ఒక వ్యాపారి మాట విని నేను పది లావు చెట్లు పోగొట్టుకున్నాను. లావువి ఇప్పుడు ఇచ్చేయండి, సన్నవి తర్వాత ఎదుగుతాయి అన్నాడు. ఎదగలేదు. చాలాకాలం కింద నలిగిన చెట్టుకు తల చిన్నదై ఉంటుంది, ఖాళీ దొరికినా దాన్ని వాడుకోలేదు. ఒత్తులో వచ్చే కలప పందిరి గుంజలకు, వాసాలకు పోతుంది. దానికి మంచి ధర ఆశించకండి, ఆ వయసుకు చేవ తక్కువ, తెల్ల చెక్క ఎక్కువ. కొట్టే ముందు అటవీ శాఖ అనుమతి, తరలించడానికి పర్మిట్ తీసుకోండి.

వెలుతురు పడగానే మాను పొడవునా లేత చిగుళ్ళు పుడతాయి. వాటిని వేలితో చిదిమేయగలిగినప్పుడే తీసేయండి, ముదిరితే చెక్కలో ముడి పడుతుంది. మోళ్ళ నుంచి వచ్చే పిలకలను కూడా తొలకరిలోనే తుంచాలి.

పక్కనే మా తమ్ముడి తోట ఉంది. అదే నేల, అదే బోరు, అదే ఏడాది నాటినది. అతను ఒక్క చెట్టూ తీయలేదు. 2016లోనే ఇద్దరం టేపు పట్టి రొమ్ము ఎత్తున కొలిచాం. ఎత్తులో రెండు తోటలకూ పెద్ద తేడా లేదు. చుట్టుకొలత మాత్రం నా చెట్లకు సగటున 58 సెంటీమీటర్లు, అతని చెట్లకు 40. ఎత్తు ఒకటే అయినప్పుడు చుట్టుకొలత ఒకటిన్నర రెట్లయితే ఒక్కో చెట్టులో కలప రెండు రెట్లు దాటుతుంది.

తమ్ముడు మరునాడే సగం కొట్టిస్తానన్నాడు, నేను వద్దన్నాను. అంతకాలం ఒకదాని ఆసరాతో ఒకటి నిలిచిన సన్నని చెట్లు ఒక్కసారిగా ఖాళీ వస్తే గాలికి వంగిపోతాయి. మొదట నాలుగో వంతు తీశాం, మిగిలినవి గట్టిపడేదాకా రెండేళ్ళు ఆగి మరో నాలుగో వంతు తీశాం.