పాస్టెల్స్‌తో వోలెండామ్ అమ్మాయి బొమ్మ ఎలా వేయాలి?

వోలెండామ్ నెదర్లాండ్స్‌లో ఒకప్పటి జాలరుల ఊరు. 1881లో అక్కడ మొదలైన స్పాండర్ హోటల్‌లో దిగి ఎందరో చిత్రకారులు ఆ ఊరి మనుషుల బొమ్మలు వేశారు. అక్కడి సంప్రదాయ దుస్తుల్లో ఉన్న అమ్మాయి బొమ్మకు ప్రాణం తలమీది తెల్ల లేసు టోపీ. దాన్ని 'హుల్' అంటారు. పైకి కోసుగా లేచి, చెంపల దగ్గర రెక్కల్లా బయటికి తిరుగుతుంది. అది కుదిరితే సగం బొమ్మ కుదిరినట్టే.

1. తెల్ల కాగితం తీసుకోకండి, దాని మీద తెల్ల టోపీ తేలదు. బూడిద రంగులో కాస్త గరుకుగా ఉండే పాస్టెల్ కాగితం మంచిది. రంగులు సుద్దముక్కల్లా పొడిగా ఉండే సాఫ్ట్ పాస్టెల్స్ కావాలి, జిడ్డుగా ఉండే ఆయిల్ పాస్టెల్స్ కాదు.

2. గోధుమ రంగు పాస్టెల్ పెన్సిల్‌తో తేలిగ్గా గీయండి. మామూలు పెన్సిల్ గీత నున్నగా ఉంటుంది, దాని మీద పాస్టెల్ సరిగ్గా పట్టదు. ముఖం కాస్త పక్కకు తిరిగి ఉంటే టోపీ రెక్కల వంపు బాగా కనిపిస్తుంది.

3. ముఖంలో ముందు నీడలు, తర్వాత వెలుగులు. తెల్ల రెక్క మీద పడ్డ వెలుతురు తిరిగి చెంప మీదికి వస్తుంది కాబట్టి, నీడ వైపు దవడను మరీ నల్లగా చేయకండి.

4. ఇక టోపీ. తెలుపు పెట్టెలోనే ఉంచండి! లేత నీలం, బూడిద, కొంచెం వంగపండు రంగుతో మడతలు వేయండి. లేసు కింద జుట్టు ఉన్నచోట గోధుమ రంగు లీలగా కనబడాలి. లేసులో దారాలు గీస్తూ కూర్చోవద్దు. మధ్యనున్న కంతల్ని ముదురు చుక్కలుగా పెడితే చాలు, అదీ మనవైపు ఉన్న అంచులోనే. ఇక్కడ వేలితో రుద్దితే లేసు కాస్తా పొగలా అయిపోతుంది.

5. మెడలో ఎర్ర పగడాల దండకు ముందు మెరూన్, పైన ఎరుపు, వెలుతురు వైపున్న పూసలకు ఒక్కో లేత చుక్క. నల్ల దుస్తులకు ముదురు నీలం, గోధుమ రంగు ఒకదాని మీద ఒకటి వేయండి. ఉత్త నలుపు నిర్జీవంగా ఉంటుంది.

6. రాలిన పొడిని ఊదకండి, బోర్డు వంచి తట్టండి. ఫిక్సటివ్ (పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) కొడితే రంగులు కాస్త ముదురుతాయి. అందుకే పల్చగా కొట్టి, ఆరాక, అప్పుడు పెట్టెలోంచి తెలుపు బయటికి తీయండి. వెలుతురు నేరుగా తగిలే మడత అంచుల మీద గట్టిగా నొక్కి ఒక్కో గీత. వాటి మీద మళ్లీ స్ప్రే వద్దు. ఫ్రేమ్ కట్టించేటప్పుడు అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో మందపాటి మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట చట్రం) పెట్టించండి.