ఇంట్లో చేసిన బీరు త్వరగా అయిపోతోందా? సమస్యలు - పరిష్కారాలు

ఇంట్లో బీరు చేసేవారు రుచి చెడినప్పుడు కారణాన్ని ఎంతో ఓపికగా వెతుకుతారు కాని, బీరు త్వరగా అయిపోయినప్పుడు మాత్రం ఎవరు తాగారన్న విచారణతోనే మొదలుపెడతారు. ఆ విచారణ మనస్పర్థలకు దారితీస్తుందే తప్ప ఒక్క సీసానూ తిరిగి తేదు. మరిగించే గిన్నె నుంచి గ్లాసు దాకా బీరు తగ్గే చోట్లు చాలా ఉన్నాయి కనుక, ముందు లీటర్ల లెక్క చూసి, ఆ తరువాతే మనుషుల వైపు చూడటం న్యాయం.

సమస్య: అనుకున్నన్ని సీసాలు నిండటం లేదు

19 లీటర్ల బీరుతో 330 మిల్లీలీటర్ల సీసాలు 57 నిండాలి. కాని 50 దాటీ దాటకముందే సీసాల్లోకి బీరు తోడే సైఫన్ గొట్టం గాలి పీల్చడం మొదలుపెడుతుంది. ఇది ఎవరూ తాగకముందే తగ్గిన బీరు. కిలో మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) గింజలు దాదాపు ఒక లీటరు నీటిని తమలోనే ఉంచుకుంటాయి. వెడల్పాటి గిన్నెలో గంటసేపు మరిగిస్తే మూడు నాలుగు లీటర్లు ఆవిరి కావచ్చు. పులియడం పూర్తయ్యాక ఈస్టు, హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) కలిసిన మడ్డిలో మరో లీటరో రెండు లీటర్లో చిక్కుకుపోతాయి. వీటికి తోడు, ఎంతవరకు పులిసిందో కొలిచే హైడ్రోమీటర్ కోసం తీసే నమూనా ఒక్కోసారి 100 నుంచి 200 మిల్లీలీటర్లు ఉంటుంది కాబట్టి, ఆత్రం కొద్దీ రోజూ కొలిచేవారు వారం తిరిగేసరికి ఒక లీటరు దాకా కొలతకే ఖర్చు చేస్తారు.

బీరు పులియబెట్టే పాత్ర అయిన ఫర్మెంటర్‌పై లీటర్ల గీతలు గీసి, ప్రతి దశలోనూ ఎంత ఉందో రాసుకోవాలి. సీసాల్లోకి 19 లీటర్లు రావాలంటే ఫర్మెంటర్‌లోకి 21 లీటర్ల పైచిలుకు పోయాలి. సీసాల్లో నింపడానికి రెండు రోజుల ముందు ఫర్మెంటర్‌ను ఫ్రిజ్‌లో చల్లబరిస్తే మడ్డి గట్టిపడుతుంది. ఒక పక్క కింద పలుచని చెక్కముక్క పెట్టి వంచి, బీరు లోతుగా నిలిచిన వైపు నుంచి తోడితే అడుగున మిగిలేది బాగా తగ్గుతుంది. ఇక కొలతల విషయానికొస్తే, పులియడం నెమ్మదించాక రెండు మూడు రోజుల తేడాతో రెండుసార్లు చూస్తే చాలు.

సమస్య: కెగ్ రాత్రికి రాత్రే ఖాళీ అయింది

కెగ్ అంటే గ్యాసు ఒత్తిడితో బీరును కుళాయికి పంపే లోహపు పీపా. అది ఖాళీ కావడాన్ని మించిన దిగులు ఈ పనిలో లేదు. బీరు బయటికి వచ్చే వైపు అమరికలో రబ్బరు రింగు అరిగినా, కుళాయి పూర్తిగా మూసుకోకపోయినా, గ్యాసు ఒత్తిడి కెగ్‌లోని బీరునంతా చుక్కచుక్కగా బయటికి తోసేస్తుంది. ఫ్రిజ్ అడుగు తడిగా, జిగటగా ఉంటే కారణం ఇదే. అడుగు పొడిగా ఉండి గ్యాసు సిలిండర్ మాత్రమే ఖాళీ అయితే కారింది గ్యాసే తప్ప బీరు కాదు. అతుకులన్నిటిపై సబ్బునీరు రాసి బుడగలు వచ్చిన చోట రింగు మార్చాలి. వాడనప్పుడు బీరు గొట్టాన్ని కెగ్ నుంచి ఊడదీసి ఉంచడం అన్నిటికన్నా సులువైన రక్షణ. ఖాళీ కెగ్ బరువును ముందే తూచి రాసుకుంటే, ఆ తరువాత ఎప్పుడు తూచినా ఎంత మిగిలిందో తెలుస్తుంది. లీటరు బీరు ఇంచుమించు ఒక కిలో.

సమస్య: గ్లాసులోకి నురగే వస్తోంది, బీరు సింక్ పాలవుతోంది

గొట్టం మరీ పొట్టిగా ఉండటం, ఫ్రిజ్ బయట వేడెక్కడం, కుళాయిని సగమే తిప్పడం ఇందుకు మామూలు కారణాలు. గొట్టాన్ని పొడవు పెంచి ఫ్రిజ్‌లోనే చుట్టి ఉంచాలి, కుళాయిని ఒక్కసారిగా పూర్తిగా తెరవాలి. సీసాలే మూత తీయగానే పొంగుతుంటే విషయం వేరు: పులియడం ముగియకముందే నింపి ఉండవచ్చు, గ్యాసు పట్టడానికి కలిపే చక్కెర ఎక్కువై ఉండవచ్చు, లేదా శుభ్రత లోపించి ఉండవచ్చు. అలాంటి సీసాలు పగిలే ప్రమాదం ఉంది కనుక వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి.

సమస్య: బీరు సిద్ధమయ్యేసరికి సగం సీసాలే మిగులుతున్నాయి

సీసాలో గ్యాసు పట్టడానికి 20 డిగ్రీల దగ్గర సుమారు రెండు వారాలు పడుతుంది. ఆలోగా ‘ఎంతవరకు వచ్చిందో చూద్దాం’ అంటూ ఒక్కొక్కటీ తెరిచి చూడటమే ఇక్కడ కారణం. నింపేటప్పుడు ఒక్క ప్లాస్టిక్ సీసాను కూడా బీరుతో నింపి, గాలి లేకుండా నొక్కి మూత బిగించండి. గ్యాసు పట్టేకొద్దీ అది ఉబ్బి, చేత్తో నొక్కితే లొంగనంత గట్టిపడుతుంది. అప్పటిదాకా గాజుసీసా మూత తీయవలసిన అవసరమే ఉండదు.

సమస్య: నష్టం ఎక్కడా లేదు, అయినా చాలడం లేదు

ఇప్పుడు మనుషుల వంతు. పులియడానికి రెండు వారాలు, సీసాలో రెండు వారాలు, వెరసి ఒక తయారీకి 28 రోజులు. ఇంట్లో రోజుకు రెండు సీసాలు తెరిస్తే 28 రోజుల్లో 56 అవుతాయి. అంటే 57 సీసాల్లో మిగిలేది ఒక్కటే. ఒక్క సాయంత్రం స్నేహితులు వస్తే లోటు ఖాయం. ఇందులో ఎవరి తప్పూ లేదు, బీరు బాగుందని తప్ప మరో అర్థమూ లేదు. తాగడం తగ్గించడం ఒక పరిష్కారం, ఒంటికి మేలు కూడా. రెండోది, ఇంకో ఫర్మెంటర్ కొని రెండు వారాలకొకసారి తయారీ మొదలుపెట్టడం. అతిథులకు ఇవ్వదలచిన సీసాలను మాత్రం నింపిన రోజునే లెక్కపెట్టి, పేరు రాసిన చీటీ అంటించి, వేరే పెట్టెలో పెట్టండి.